ఏమీ మొలవని గాజు గిన్నె

చిరంజీవి పెద్దోడికి అమ్మ దీవించి రాస్తున్నది. నేనూ మీ నాన్నా వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం. అంతవరకు క్షేమమే. ఓడ మీద నీకు నిద్ర సరిగా పడుతోందా?

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులయింది. రాద్దామని కూర్చుంటాను, లేచిపోతాను. నీ చెల్లి పిట్ట పోయినప్పుడు సముద్రం మీద ఉండిపోయానని మళ్లీ రాశావు. ఇక అలా రాయకు కన్నా. జీపు లోయలో పడ్డాక పక్కనున్నవాళ్లే ఏమీ చెయ్యలేకపోయారు, నువ్వొచ్చి ఏం చేసేవాడివి?

మీ నాన్న మోకాలు అడిగావు. అలాగే ఉంది. చెల్లి చెప్పులు తుడుస్తాడు, మళ్లీ అక్కడే పెడతాడు. నేను ఆసుపత్రి క్యాంటీన్‌కి వెళ్తున్నాను. అవే గిన్నెలు, అవే సోడా నీళ్లు. చేతులు వాటంతటవే తోముతుంటాయి.

ఇక పిట్ట పని సంగతి. ఆ పని దాని పేరుతో అచ్చులో వస్తుందా, దాని ల్యాబు సార్ వచ్చి ఆ గాజు గిన్నెలు తీసుకెళ్లాడా అని అడిగావు. సార్ వచ్చాడు.

నీకు గుర్తుందా, అది దగ్గు మందులో వేసే మొక్క ఆకులు కొండ మీద నుంచి తెచ్చేది. "ఆకు లోపల ఎవరెవరు కాపురముంటున్నారో చూస్తున్నానమ్మా" అనేది. "మరి అద్దె ఎవరికి కడుతున్నారే?" అని మీ నాన్న ఏడిపించేవాడు. ల్యాబులో చల్లటి గది పాడయిందని, చివరిసారి కొండకి వెళ్లే ముందు ఒక డబ్బా తెచ్చి మన ఫ్రిజ్ కింది అరలో పెట్టింది. "నా ఆకులున్నాయి, చెయ్యి పెట్టకు" అంది.

సార్ మంచివాడు. మంచినీళ్లు తాగి, నాకర్థమయ్యేలా చెప్పాడు. ఆకు లోపల కంటికి కనపడని బూజు ఉంటుందట. అది మొక్కకి కీడు చెయ్యదట. పిట్ట ఏడు చోట్ల నుంచి ఆకులు తెచ్చింది. "పైకి అన్నీ ఒకే బూజులా కనిపిస్తాయమ్మా, వంశం తీసి చూస్తే దేనికదే వేరు. ఆ తేడాలు చూసే పనే మీ అమ్మాయిది. ఏడింటిలో ఐదు చోట్ల ఇప్పుడు మొక్కలే లేవు, రాళ్ల కోసం కొండ తవ్వేశారు. ఆమె గిన్నెల్లో ఉన్నవే మిగిలాయి" అన్నాడు.

నేను ఒక్క గిన్నె తెచ్చి చేతికిచ్చాను. వెలుగులో పెట్టి చూశాడు. "ఇది ఖాళీదమ్మా. ఆకుని స్పిరిట్‌లో ముంచి కడిగాక, ఆఖరి నీళ్లు ఇందులో పోస్తారు. ఇందులో ఏమీ మొలవకపోతేనే, మిగతా వాటిలో మొలిచింది ఆకు లోపలిదని రుజువు. మిగతావి ఏవి?"

"నాకు తెలీదు బాబూ, ఎక్కడ పెట్టిందో" అన్నాను.

పెద్దోడా, మీ నాన్నకి కూడా చెప్పలేదు. నీకు చెప్తున్నాను. అది పోయిన నాలుగో రోజు ఆ డబ్బా తెరిచాను. ఆకులు చూద్దామనే, దాని చెయ్యి తగిలినవని. ఇరవై రెండు గిన్నెలు. ఇరవై ఒక్కదానిలో తెల్లగా, నల్లగా, పచ్చగా బూజు. నా బిడ్డ పోయింది, నాలుగు రోజుల్లో దాని ఆకులు కూడా కుళ్లిపోయాయి అనుకున్నాను. ఇంట్లో ఇంకొకటి కుళ్లడం నేను చూడలేకపోయాను. పొయ్యి మీద నీళ్లు మరిగించి, సోడా వేసి, ఒక్కొక్కటీ తోమేశాను. గిన్నెల మీద అది తన చేత్తో రాసి అంటించిన కాగితం ముక్కలు గోటితో గీకేశాను. బాగున్నదొక్కటే కదా మిగిలిందని ఆ ఒక్క గిన్నెనీ భద్రంగా దాచాను.

సార్ కూర్చున్న కుర్చీ పక్కనే గుడ్డ కింద ఆ ఇరవై ఒక్క గిన్నెలూ బోర్లించి ఉన్నాయి. గుడ్డ ఎత్తలేకపోయాను. ఎత్తినా చెయ్యగలిగిందేమీ లేదు. అవి లేకపోతే పేరూ రాదు, పనీ లేదన్నాడు సార్. వెళ్తూ ఖాళీ గిన్నె నాకే ఇచ్చేశాడు.

దాన్ని కిటికీలో పెట్టాను. రోజూ పొద్దున్నే చూస్తున్నాను. ఒక్క మచ్చయినా రాదా అని. ఇప్పటికి యాభై మూడు రోజులు. ఏమీ మొలవలేదు. ఊరందరి గిన్నెలు తోమే నాకంటే శుభ్రంగా కడిగింది నా తల్లి.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ