మా బామ్మర్ది వీడియోలూ, నా వేదికా

డెబ్బై ఒకటో ఏట ఉన్న నేను, నలభై ఆరేళ్ళు కుట్టు మిషన్లు బాగుచేసి బతికినవాడిని, ఒంట్లో ఓపికా బుర్రలో స్థిమితమూ ఉండగానే, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం తెస్తే అది చెల్లదు. దీన్ని అమలుపరిచే బాధ్యత మా కోడలికి అప్పగిస్తున్నాను. వకీలు ఆఫీసులో టైపు చేసే పిల్ల. ఈ కాగితం కొడుతున్నదీ తనే. "మామయ్యా, వీలునామాలో మనసులో మాటలు రాయరు," అంటోంది. నా దగ్గర ఆస్తికన్నా అవే ఎక్కువ కనుక రాయమన్నాను.

1. నేను నివసిస్తున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఇంటర్నెట్‌లో నేను నడిపే వేదికను ఆవిడ ఒక్కసారే తెరిచింది. "లైబ్రరీలో బీరువా తీసినట్టు దుమ్ము వాసనొస్తోందండీ," అని మూసేసింది. తన తమ్ముడు పెట్టే మిషన్ వీడియోలు మాత్రం రోజూ పొద్దున్నే, పాలు పొంగిపోతున్నా చూసేది. ఈ మాట మనసులో పెట్టుకున్నాను గానీ ఇల్లు మాత్రం పూర్తిగా ఇస్తున్నాను.

2. షాపు గదీ, అందులోని పనిముట్లూ మా అబ్బాయికి. వాడు పళ్ళ డాక్టరు. సన్న స్క్రూడ్రైవర్లు ఇప్పటికే పట్టుకుపోయాడు. ఎవరి నోట్లోనూ వాడనని మాటిచ్చాడు.

3. ఇంటర్నెట్‌లో నేను పదిహేడేళ్ళుగా నడుపుతున్న పాత కుట్టు మిషన్ల చర్చావేదిక, దాని పేరు, తాళపు మాట అనగా పాస్‌వర్డు, అందులోని ప్రతి అక్షరం నా బామ్మర్దికి, అనగా నా భార్య తమ్ముడికి చెందవలెను. వేదిక అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. ఒకరు ప్రశ్న అడుగుతారు, తెలిసినవాళ్ళు కింద జవాబు రాస్తారు. ఆ మొత్తాన్ని మేం 'దారం' అంటాం. ఇప్పటికి ఆరువేల పైచిలుకు దారాలున్నాయి. బెల్టు జారడం గురించి ఒక ముసలాయన పదకొండేళ్ళ కిందట రాసిన జవాబు చదివి మొన్న ఎవరో మిషన్ బాగుచేసుకున్నారు. ఆ ముసలాయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇలాంటి దాన్ని, పేరు వింటేనే నా కడుపు రగిలే మనిషికి ఎందుకిస్తున్నానో కింది క్లాజుల్లో ఉంది.

4. బావమరిది బతుకు కోరతాడంటారు. నేను మాత్రం వాడి వీడియోల ఖాతా చావు కోరాను. వాడు పని నేర్చింది నా బల్ల దగ్గర. వేదికలో మొదటి నలభై దారాలకు జవాబులు రాసింది నేనూ వాడే. తర్వాత, "బావా, ఇంత పొడుగు ఎవరు చదువుతారు? నిమిషంలో చూపించెయ్యాలి," అని ఫోను పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆరేళ్ళలో లక్షమంది వాడి వెంట పడ్డారు. జనం వాడికి 'హుషారు' అని పేరు పెట్టుకున్నారు. ఒక పెళ్ళిలో ఎవరో నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "మీరు హుషారుగారి బావగారా!" అన్నారు. ఆ పూట నేను భోజనం చెయ్యలేదు. పంటి నొప్పని చెప్పాను. మా అబ్బాయి నా నోరు తెరిచి చూసి, ఏమీ లేదన్నాడు.

5. ఇది ఒప్పుకోలు. బిగుసుకుపోయిన మిషన్‌ని కదిలించడం గురించి హుషారు ఒక వీడియో పెట్టాడు. నూనె పోసి, చక్రం గట్టిగా తిప్పమన్నాడు. తిప్పేముందు, సూది కింద దారాన్ని ముడేసే షటిల్ బయటికి తీసి, లోపల ఇరుక్కున్న దారం లాగెయ్యాలి. ఆ మాట చెప్పడం మరిచాడు. నేను మొదటిసారి చూసినప్పుడే పట్టుకున్నాను. ఫోను చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. లక్షమంది ముందు వాడు బొక్కబోర్లా పడితే చూద్దామనుకున్నాను.

పంతొమ్మిది రోజుల తర్వాత ఒక దర్జీ ఆవిడ వేదికలో రాసింది. వాళ్ళమ్మ మిషన్. వీడియో చూసి చక్రం తిప్పితే షటిల్‌ని ఆడించే ముక్క పుటుక్కుమంది. ఆ ముక్క తయారు చెయ్యడం మానేసి ముప్పై ఏళ్ళు. "మాస్టారూ, ఆ వీడియో కింద ఎనిమిది వందల కామెంట్లున్నాయి. నా ప్రశ్న ఎక్కడ మునిగిపోయిందో నాకే దొరకలేదు. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు రెండు వందల జతలు కుట్టాలి," అని రాసింది. నా సొంత మిషన్ విప్పి, అందులోని ముక్క తీసి పంపాను. అది చేరేసరికి బడి తెరిచేశారు. ఆ పని వేరేవాళ్ళకి పోయింది.

నేను చేసిన మంచి పని అంతవరకే. ఆ ఆదివారం బామ్మర్ది మా ఇంటికి భోజనానికొస్తే, ఆవిడ వేదికలో రాసింది అచ్చు తీసి వాడి కంచం పక్కన పెట్టాను. వాడు రెండుసార్లు చదివాడు. "బావా, ఈ తప్పు నువ్వు ముందే చూశావా?" అన్నాడు. చూశానని గర్వంగానే చెప్పాను. "అయితే ఆవిడ మిషన్ నేనొక్కణ్ణే విరగ్గొట్టలేదన్నమాట," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

6. వాడు తప్పు దిద్దుతూ ఇంకో వీడియో పెట్టాడు. దాన్ని చూసినవాళ్ళు వందల్లో కూడా లేరు. తప్పుది మాత్రం ఊళ్ళు తిరుగుతూనే ఉంది. తర్వాతి ఏడాది ఒక పొద్దున వాడి ఖాతాకి తాళం పడింది. ఎందుకో చెప్పేవాడు లేడు. ఎన్నిసార్లు రాసినా అచ్చుపోసిన జవాబొకటే. ఫోనులో చోటు చాలక వీడియోలన్నీ ఎప్పటికప్పుడు చెరిపేసేవాడు, ఇంకో నకలు లేదు. షాపుకొచ్చి స్టూలు మీద కూలబడి, "ఆరేళ్ళు బావా. ఆరు వందల నలభై వీడియోలు. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు," అన్నాడు.

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, గట్టిగానే వేసింది. కానీ వాడి చేతులు ఒళ్ళో ఊరికే పడున్నాయి. ఆ చేతులు పని లేకుండా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. సొరుగు తెరిచి నాలుగు నోటుపుస్తకాలు తీసి వాడి ఒళ్ళో పెట్టాను. అవి ఎవరికీ తెలియవు. వాడి ప్రతి వీడియోనీ ఆపి ఆపి చూసి, ఏ స్క్రూ తర్వాత ఏ స్క్రూ విప్పాడో బొమ్మలతో సహా రాశాను. ఎందుకు? ఏనాటికైనా వాడి తప్పులన్నీ ఒక్కచోట చూపించాలని. ఒక పేజీ తెరిచి పైకి చదివాడు: "నంబరు 212. మళ్ళీ గడ్డం దువ్వుకొచ్చాడు. దారం బిగింపు మాత్రం నాకన్నా తేలిగ్గా చెప్పాడు, వెధవ." నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "లక్షమందిలో నన్నింత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు బావా," అన్నాడు.

అప్పట్నుంచి ఇద్దరం కూర్చుని వాటిని వేదికలోకి ఎక్కిస్తున్నాం. ఈరోజుకి నాలుగు వందల పద్దెనిమిది అయ్యాయి. కాబట్టి నాలుగు నోటుపుస్తకాలూ వాడికే. షరతులు: ఏ దారాన్నీ చెరపకూడదు, తప్పు జవాబును కూడా, దాని కిందే దిద్దుబాటు రాయాలి. బిగుసుకుపోయిన మిషన్ దారం కింద తప్పు చెప్పినవాడిగా వాడి పేరూ, తెలిసి నోరు మూసుకున్నవాడిగా నా పేరూ ఉన్నాయి. రెండూ ఉండాలి. గడ్డం మాట కూడా ఉండాలి.

7. ముక్క తీసేసిన నా సొంత మిషన్ ఆ దర్జీ ఆవిడకు పంపవలెను. దాని ముఖ్యమైన భాగం ఎటూ ఆవిడ దగ్గరే ఉంది. సంగతంతా ఆవిడకు రాశాను. ఆవిడ జవాబులో క్షమించానని లేదు. సూది నంబరు అడిగింది. చెప్పాను.

8. నా అసూయ తగ్గిందని ఎవరూ అనుకోకూడదు. పోయినవారం ఒక కొత్తాయన రాశాడు: "హుషారుగారి దారాలు అద్భుతం, వేదికంటే ఇలా ఉండాలి." ఆ దారాలు రెండు వేళ్ళతో టైపు చేసింది నేను. కడుపు భగ్గుమంది. ఈ వాక్యం తీసేద్దామని కోడలంటోంది. తీయకూడదు.

9. నా మరణవార్త వేదికలో ఒక దారంగా పెట్టవలెను. ఎవరైనా ఏదైనా అడిగితే కింద జవాబివ్వవలెను. నా బామ్మర్ది దాని మీద వీడియో తీయకూడదు. తీస్తే జనం బాగానే చూస్తారు, కానీ నన్ను చూడరు, ఏడుస్తున్న వాణ్ణి చూస్తారు.

పై సంగతులన్నీ కోడలు పైకి చదవగా విని, నేను చెప్పినవే అని ఒప్పుకుని, ఈ కింది సాక్షుల ఎదుట సంతకం పెడుతున్నాను.

తేది: మార్చి 14, 2024, గురువారం

(సంతకం) వీలునామాదారు, వేదికలో 'నూనెడబ్బా'

సాక్షులు:
1. పక్క షాపు తాళాల మేస్త్రి
2. ఎదురు మందుల షాపు యజమానురాలు

(సాక్షులకు ఆస్తి రాయకూడదని కోడలు చెప్పింది. అందుకే వీళ్ళిద్దరికీ ఏమీ ఇవ్వలేదు. మేస్త్రి కొంచెం నొచ్చుకున్నాడు.)