థనఖాలో ఏమీ కలపలేదు

చిరంజీవి థీహాకు,

అమ్మ దీవెనలు. త్రిరత్నాల నీడ నీమీద ఉండాలి. నా కాలేయం తప్ప ఇక్కడ ష్వేబోలో అందరం క్షేమం. రనోంగ్ రేవులో నువ్వూ, నీ పడవా క్షేమమని తలుస్తాను.

దురద తగ్గిందా అని అడిగావు. సగం తగ్గింది. వీపు గోక్కోవడానికి దువ్వెన వెతుక్కోవడం మానేశాను. మాండలే ఆసుపత్రిలో సూదితో కాలేయం ముక్క తీసి చూశారు. "లోపల పైత్యం పారే సన్న గొట్టాలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి అమ్మమ్మా" అన్నాడు డాక్టరు. "మాయమవడానికి అవేమన్నా కోళ్లా? సరిగ్గా వెతుకు!" అన్నాను. నవ్వాడు. దారిలేని పైత్యం ఒంట్లోకెక్కి దురద పెడుతుందట, ఒళ్లు పచ్చబడుతుందట. పూటపూటా మొహానికీ చేతులకీ పచ్చటి థనఖా చెక్క గంధం పూసుకునే ముసలిదాని పచ్చదనం ఎవరికి కనబడుతుంది?

ఇక నీ రెండో ప్రశ్న. "న్వే యీని పుట్టింటికి పొమ్మని రాయనా?" అన్నావు. నీ ఉత్తరం నాకు చదివి వినిపించింది ఆ నీ పెళ్లామే. ఆ మాట కూడా వదలకుండా చదివింది. అది నూరిచ్చే థనఖాలో ఏదో కలుపుతోందని నేను ఎదురింటి టీచరమ్మతో నీకు రాయించిన సంగతి దానికి అప్పుడే తెలిసింది. పెట్టె సర్దుకుంది. నేను బట్టలన్నీ లాగి దండెం మీద పడేశాను. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నదీ అదే.

విను. మోకాళ్ల నొప్పికి సంతలో పొట్లాలు కట్టి అమ్మే రంగురంగుల మాత్రలు నెలల తరబడి మింగాను. అది వద్దంటే తమలపాకుల పెట్టెలో దాచి మింగాను. దురద మొదలవగానే వాటిమీదే నాకు అనుమానం వచ్చింది. అవి మానలేక, తప్పు న్వే యీ మీదికి నెట్టాను. చివరికి ఆ పెట్టె డాక్టరు బల్లమీద బోర్లించాను. వీటివల్లే అయ్యుంటుందన్నాడు. మానేస్తే కొందరికి గొట్టాలు మళ్లీ మొలుస్తాయట. మానేసి ఆరు వారాలైంది. పచ్చబడ్డ కళ్లు మళ్లీ తెల్లబడుతున్నాయి.

"పొరపాటు పడ్డానని రాస్తాను అత్తయ్యా" అంది నీ పెళ్లాం.

"పొరపాటు కాదే, అబద్ధం. అలాగే రాయి."

"కొడుకు దగ్గర మీ పరువు..."

"నా పరువు నా ఇష్టం. రాయి!"

రాసింది. ఆ టీచరమ్మతోనే చదివించుకున్నాను. అబద్ధమనే ఉంది.

జవాబు నాకు రాయొద్దు. దానికి రాయి. చదివి నాకు వినిపించాలో వద్దో అది చూసుకుంటుంది.

ఇట్లు,
వేలిముద్ర వేసిన
నీ తల్లి ఒన్ ఖిన్