శారద పెట్టిన పేరు

మంగళవారం

నా భార్య శారద పోయాక పెందుర్తిలో మా నాలుగు అద్దె ఇళ్లనూ చూసుకున్న మేనేజరుకు ఈరోజు ఆఖరి రోజు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికిందట. మధ్యాహ్నం తాళాలు ఇచ్చి వెళ్లిపోయాడు.

అతని స్థానంలో పెట్టుకోవడానికి ఇద్దరున్నారు. ఒకరు అద్దె ఇళ్లు చూసిపెట్టే రుషికొండ ఏజెన్సీ మనిషి. రెండోవాడు ప్లంబర్ అప్పలరాజు. ఏ మరమ్మతు వచ్చినా శారద పదేళ్లపాటు ఇతన్నే పిలిచేది. సాయంత్రం అతన్ని వెంటబెట్టుకుని ఇళ్ల దగ్గరికి వెళ్లాను.

"ముందు సారిల్లు తలుపు సూడాల సారూ" అన్నాడు.

"ఏ ఇల్లు?"

"మూడోది. ఏటి, మీకు తెలీదేటి? అమ్మగారు పెట్టిన పేరే. గట్టిగా తోత్తే గానీ తెరుసుకోదు, అచ్చం మా సారు లాగేనని నవ్వీవోరు."

నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట నాతో అనలేదు. ఇతనితో అంది. ఆ తలుపు దగ్గర ఇద్దరూ ఎన్నిసార్లు నవ్వుకున్నారో అని ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. అందులో తప్పేమీ లేదని తెలుసు. అయినా మండింది.

పని ఏజెన్సీ మనిషికే ఇద్దామనుకున్నాను. అతనిలో నాకు నచ్చింది ఒక్కటే, శారదను అతను ఎప్పుడూ చూడలేదు. ఇది రాశాక సిగ్గేసింది. ఇళ్లు బాగుండాలంటే అప్పలరాజే... మిగతా మూడిళ్లకూ ఆమె ఏం పేర్లు పెట్టిందో అతనికే తెలుసు. అడగడానికి నోరు రాలేదు.

రేపు పొద్దున్నే వెళ్లి అప్పలరాజుకు పని అప్పగిస్తాను. అతను ఇల్లిల్లూ చూస్తుంటే పక్కనే నడుస్తాను. దేన్ని ఏమని పిలుస్తాడో వింటాను.