చీజ్ ముక్కల మీద నా ఉపన్యాసం

మహబూబ్‌నగర్, ఆదివారం రాత్రి

చెల్లె స్వప్న ఇంకా నాతో మాట్లాడటం లేదు. తప్పు నాదే.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి స్వప్న చీజ్‌ను వేలంత ముక్కలు కోసి, మైదా జారులో ముంచి, దంచిన రస్కుల పొడిలో దొర్లిస్తోంది. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, వేడెక్కాక అందులో గిన్నె పెట్టి కాలుస్తుందట. ఎవరికోసమని కూడా అడగలేదు నేను. మా సంఘం కరపత్రాల్లో చదివిందంతా కక్కాను. కంపెనీల తిండి, బానిస నాలుకలు, జొన్నరొట్టె మరిచిన జనం... "గిసొంటియి తినేటోళ్లతోనే దేశం గిట్లయింది" అని అరిచాను.

స్వప్న తలెత్తలేదు. "జర మెల్లగ మాట్లాడన్నా, పక్కింటోళ్లు వింటరు," అంది.

"విననీ," అన్నాను.

అప్పటికే పక్కింటి షాహీన్ చాచి మా గుమ్మంలో నిలబడి ఉంది.

"మా అత్తకు దవాఖానల నూనె బంద్ చేసిండ్రు బేటా. ఇఫ్తార్‌ల మేమందరం మిర్చి బజ్జీలు తింటుంటే ఒక్క ఖజూర్ పండు పట్టుకొని కూసుంటది. నేనే స్వప్నను అడిగిన. నీకు తక్లీఫ్ అయితే వద్దులే."

ప్రతి రంజాన్‌కూ చాచి అత్త, ఆ దాదీ చేతి సేమ్యా తింటూ పెరిగినవాణ్ణి నేను.

స్వప్న అన్నీ కాల్చి పట్టుకెళ్లింది. తిరిగొచ్చి ఒక ముక్క నా ముందు పెట్టింది. "దాదీ పంపింది. పిలగాడు ఆకలితోని కోపం చేస్తున్నడు, తినిపియ్యమన్నది," అని వెళ్లిపోయింది. ఆ తర్వాత మాటల్లేవు.

తిన్నాను. బాగుంది. ఆ మాట స్వప్నకు చెబుదామని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చున్నాను.