పాట తియ్యమని వచ్చారు

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. విస్తరి వేయలేకపోయాను, కోప్పడకండి.

మన మనవడు చంటి ర్యాప్ పాటలు కడుతున్నాడు. ఊపిరి తీసుకోకుండా గబగబా చెప్పేస్తాడు. కంపెనీ లేదు, స్టూడియో లేదు. దుప్పటి కప్పుకుని ఫోన్లో పాడి, తనే నెట్‌లో పెట్టుకుంటాడు. ఈసారి మిమ్మల్ని చేపల చెరువు గట్టు మీద నరికిన సంగతి పాడాడు, నరికినవాళ్ళ పేర్లతో సహా. వద్దురా, నీకేమన్నా అయితే నా గతేంట్రా అని మొత్తుకున్నాను. విన్నాడా?

పొద్దున వాళ్ళే రాడ్లు పట్టుకుని భవానీపురంలో మేముంటున్న ఇంటికొచ్చారు. కేకలు వినగానే, పాట అందులోనే ఉందనుకుని చంటి ఫోను బియ్యం డబ్బాలో దాచాను. "పాట తీసెయ్యరా" అంటూ వాడి నోటి మీద కొట్టారు. పళ్ళు రాలి గచ్చు మీద పడ్డాయి. చూడలేక ఫోను తీసి ఇచ్చేశాను. దాన్ని నుగ్గునుగ్గు చేసి, పాట పోయిందని నవ్వుకుంటూ వెళ్ళారు. నేనూ పోయిందనే ఏడ్చాను.

ఆసుపత్రికి వెళ్తుంటే ఆటోలో అదే పాట మోగింది. చంటి నెత్తుటి నోటితోనే నవ్వాడు.

"పాట ఫోన్లో ఎక్కడుందే నానమ్మా? ఊరంతా వింటోంది. చెప్పు, నెట్‌లోంచి తీసేయమంటావా?"

"ఈ సుబ్బారావు ఎవరో పాపం, గొడ్డుని నరికినట్టు నరికారంటమ్మా" అన్నాడు ఆటో అబ్బాయి.

మీ పేరు నేనెప్పుడూ పలకలేదు కదండీ. ఇవాళ పలికాను.

"సుబ్బారావు మా ఆయన. సౌండ్ పెంచు బాబూ."

కట్టు కట్టించి చంటిని ఇంటికి తెచ్చి పడుకోబెట్టాను. వాళ్ళు మళ్ళీ వస్తారేమోనని భయంగానే ఉంది. కత్తిపీట తలుపు దగ్గర పెట్టుకుని కూర్చుని మీకిది రాస్తున్నాను.