సుదర్శన్‌ను రగ్బీ శిబిరానికి పంపించుట గురించి

శారీరక విద్యా విభాగం సంచాలకుల వారి సముఖమునకు,

తార్నాక నివాసి, ఎం.ఏ. అర్థశాస్త్రం రెండవ సంవత్సరం విద్యార్థి, విశ్వవిద్యాలయ రగ్బీ జట్టులో ప్రస్తుతం నీళ్ల సీసాల బాధ్యతలు నిర్వహించుచున్న భానుప్రకాశ్ (ఇంట్లో బాబీ) వ్రాసుకొనునది.

విషయం: అంతర్జాతీయ రగ్బీ టోర్నమెంటుకు ఆసియా ప్రాంతీయ అర్హత పోటీలు – వాటి కోసం జరుగు జాతీయ శిబిరానికి మన ఆటగాడు సుదర్శన్ ఎంపిక – తద్వారా అర్జీదారునికి కలిగిన కడుపుమంట – నిరభ్యంతర పత్రం మంజూరు గురించి.

అయ్యా,

ముందుగా క్షమాపణ. ఈ అర్జీ చదవడం వలన తమ కళ్లజోడుకు, భోజనానంతర విశ్రాంతికి, ఈ దేశ యువత మీద తమకు ఇంకా మిగిలి ఉన్న కాస్త నమ్మకానికి కలగబోవు సమస్త నష్టానికి మా వంశంలో గతించినవారి తరఫున, ఇంకా పుట్టనివారి తరఫున కూడా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇంత వేడుకున్నాక ఇక మొహమాటం దేనికని నా బాధలు వరుస సంఖ్యలతో మనవి చేస్తున్నాను.

1. రగ్బీ అనునది కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడబడును. బంతి చంకలో పెట్టుకుని ఎంత దూరమైనా ముందుకు ఉరకవచ్చును. కానీ ఇంకొకరికి అందించాలంటే మాత్రం పక్కకో, వెనక్కో ఇవ్వవలెను. అనగా, మన వెనక వచ్చేవాడు మన చేతిలోని బంతి అందుకుని, మనల్ని దాటిపోయి, చివరి గీత అవతల దాన్ని నేలకు తాకించి చప్పట్లు కొట్టించుకోవడమే ఈ ఆట ధర్మం. ఇదే ధర్మం మైదానం బయట కూడా అమలులో ఉన్నదని నాకు ఎవరూ ముందుగా తెలియపరచలేదు.

2. సదరు సుదర్శన్‌ను ఈ ఆటలోకి దింపినది నేనే. వాడిది జనగామ దగ్గర పల్లె. నా క్లాసు, నా బెంచి. మొదటి సంవత్సరంలో హాస్టల్ వెనక కబడ్డీ ఆడుకుంటున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకొచ్చాను. బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేం బంతిరా బాబీ, ఎవడన్న దీని మీద కూసున్నడా?" అన్నాడు. నేను పెద్దమనిషిలా నవ్వి, పట్టుకోవడం నేర్పాను. మూడో వారం నుంచి వాడిని పట్టుకోవడం నావల్ల కాలేదు.

3. తార్నాకలో మేమిద్దరం రోజూ తాగే టీ కొట్టులో వాడి ఫోటో అంటించారు. అసలు ఫోటోలో వాడి పక్కన నేను ఉన్నాను. కొట్టాయన నన్ను చెవి వరకు ఉంచి మిగతాది కత్తిరించేశాడు. ఆ చెవి నాదేనని ఇప్పటికి ఇరవై మందికి చూపించాను. ఇద్దరు నమ్మారు.

4. మా అమ్మ సుబ్బలక్ష్మి గారు. స్వస్థలం కాకినాడ, పాతికేళ్లుగా తార్నాక. మొన్న ఆదివారం సుదర్శన్ భోజనానికి రావడం ఆలస్యమైంది.

"ఒరేయ్ బాబీ, ఆ గోంగూర అంతా ఊడ్చేయకు. వాడికి ఉంచు. ఆటలాడే పిల్లాడు."

"నేనూ ఆటలాడే పిల్లాడినే కదమ్మా!"

"నీ సంగతి నాకు తెలీదా? ముందు గిన్నె ఇటివ్వు."

వాడు ఆవిడను మొదట్లో ఆంటీ అనేవాడు. ఇప్పుడు అమ్మా అంటున్నాడు. నేను అమ్మా అంటే లోపలినుంచి "ఏంటిరా?" అని వస్తుంది. వాడు అంటే "ఏం నాన్నా?" అని ఆవిడే బయటికి వస్తుంది. దీనికి తమ కార్యాలయం చేయగలిగినది ఏమీ లేదని తెలుసు. దస్త్రంలో ఉంటుందని రాశాను.

5. గత నెల మూడవ తేదీన, ఎంపిక పోటీలకు సరిగ్గా పన్నెండు రోజుల ముందు, అభ్యాసంలో బంతితో వస్తున్న సుదర్శన్‌ను ఆపవలెనని అడ్డంగా వెళ్లి పడ్డాను. వాడు ఆగలేదు. నా భుజం దగ్గరి ఎముక రెండు ముక్కలైనది. నాన్నగారు ఉద్యోగం మీద విశాఖలో ఉన్నారు. అమ్మ ఒక్కతే. ఆసుపత్రిలో ఆరు రోజులు, ఇంటికొచ్చాక మూడు రోజులు నా పక్కన ఉన్నది సుదర్శన్. నాకు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టాడు. చొక్కా గుండీలు పెట్టాడు. రోజుకోసారి, "తప్పు నాదేరా బాబీ. జర పక్కకెళ్లి ఉరికితె అయిపోతుండె" అనేవాడు. తప్పు వాడిది కాదు. తల ఎటు పెట్టి పడాలో నాకే తెలియలేదు. అయినా తొమ్మిది రోజులూ వాడిచేత అలాగే అనిపించుకున్నాను. బాగుండేది.

పన్నెండో రోజున నేను కట్టుతో గట్టున కూర్చుంటే, వాడు నా స్థానంలో ఆడి నాలుగుసార్లు గీత దాటాడు. మా కోచ్ స్వరూప మేడం వచ్చి పక్కన కూర్చున్నారు.

"మేడం, నాకు దెబ్బ తగలకపోయుంటే...?"

ఆవిడ నా కట్టు సరిచేశారు. "నీతోని అబద్ధం చెప్ప బుద్ధి అయితలేదు బిడ్డా. నువ్వు బాగున్నా గా జాగా వానికే పోతుండె."

అయ్యా, ఎముక అతుకుతున్నది. ఈ మాట అతకడం లేదు.

6. ఇట్లుండగా పది రోజుల క్రితం శిబిరానికి ఎంపికైనవారి జాబితా మన నోటీసు బోర్డు మీద పెట్టారు. విశ్వవిద్యాలయం నుంచి ఒకటే పేరు. అదే రోజు తమ ఫిర్యాదుల పెట్టెలో ఒక ఆకాశరామన్న ఉత్తరం పడినది. సుదర్శన్‌కు హాజరు డెబ్బై అయిదు శాతం ఉండవలసి ఉండగా డెబ్బై మూడే ఉన్నదనీ, ఇటువంటివానిని పంపితే విశ్వవిద్యాలయ గౌరవానికి భంగమనీ అందులోని సారాంశం. లెక్క తప్పు కాదు. దాంతో, వీడు వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదని తమరు రాసివ్వవలసిన పత్రం నిలిచిపోయింది. అది ఎల్లుండి శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా శిబిరానికి చేరకపోతే, వాళ్లు జాబితాలో తరువాతి వానిని పిలుచుకుంటారు. ఆ తరువాతివాడు ఎవరో వేరే రాష్ట్రం కుర్రాడు. నేను కాదు. నేను ఏ జాబితాలోనూ లేను.

నేను నిన్న వెళ్లి తమ అటెండరు పేరయ్యను కలిశాను.

"పేరయ్యన్నా, ఫైలు ఎప్పుడు కదులుతుంది?"

"అభ్యంతరం ఉండంగ లేదని సారు ఎట్ల సంతకం పెడతడు? రాసినోడు వచ్చి, వాపస్ తీసుకుంటున్ననని రాసియ్యాలె. గప్పుడు కదులుతది."

"సంతకమే లేని ఉత్తరానికి ఎవరొస్తారన్నా?"

"గందుకే గా ఫైలు గాడనే ఉన్నది."

7. ఆ గైర్హాజరు ఎందుకైందో చెప్పుకుంటే శాఖాధిపతి గారు మన్నించవచ్చునని స్వరూప మేడం చెప్పారు. సుదర్శన్ చెప్పుకోనన్నాడు. "నిన్ను పండవెట్టి చూపెట్టుకుంట నేను పోవుడేందిరా? ఇజ్జత్ గాదు." అని, వాడు నన్ను కోరినది ఇది: "నువ్వే ఏదన్న రాయి బాబీ. నీకు సర్కారు తెలుగు మస్తు వస్తది. గా ఉత్తరం రాసినోని మీద నాకు కోపం లేదని గూడ రాయి."

"కోపం ఎందుకు లేదురా? దొరికితే తన్నవా?"

"ఏం తన్నుడు తీ. వానికి గూడ పోవాలని మస్తు ఉండె గావచ్చు."

టీ చల్లారిపోయిందని చెప్పి లేచి వచ్చేశాను.

కావున తమరు దయతలచి, సుదర్శన్ రాని ఆ తొమ్మిది రోజులు నా మంచం పక్కన ఉన్నాడని గ్రహించవలెను. ఆసుపత్రి వారి కాగితం జతపరచడమైనది. మా అమ్మను పిలిపించినా వచ్చి చెబుతుంది, అడిగినదానికంటే ఎక్కువే చెబుతుంది. నిరభ్యంతర పత్రం మీద శుక్రవారం లోపల, వీలైతే ఈ రోజే, సంతకం చేయవలెను. వాడు వెళ్లి ఆడితే నాకు సంతోషమని మాత్రం రాయలేను. వాడు గెలిచినా నాకు ఒళ్లు మండుతుంది, ఓడినా ఏడుపొస్తుంది. రెండూ నేను ఇంట్లో కూర్చుని పడతాను. వాణ్ణి పంపండి సార్.

చిత్తగించవలెను. ఈసారికి మాత్రం ఆలస్యం లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు (అలవాటు లేకపోయినా),
భానుప్రకాశ్

తా.క.: రాసినవాడే వచ్చి వాపసు తీసుకోవాలని పేరయ్యన్న చెప్పినందున, సదరు ఉత్తరాన్ని ఇందుమూలముగా వాపసు తీసుకుంటున్నాను. పైన పెట్టిన సంతకమే దానికి కూడా వర్తించును. సుదర్శన్‌కు ఈ సంగతి తమరు చెప్పనక్కరలేదు, వాడు శిబిరానికి బండి ఎక్కేలోపు నేనే చెబుతాను. జాబితా పెట్టిన మధ్యాహ్నం లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని, కట్టు లేని చేత్తో ఆ ఉత్తరం రాసి పెట్టెలో వేసి, తిన్నగా మైదానానికి నడిచి వెళ్లి, అదే చేత్తో వాణ్ణి కావలించుకుని, అందరికంటే ముందు అభినందించినది నేను.