మలుపు దగ్గరి గోడ

సోమవారం, దీక్షలో తొమ్మిదో రోజు

శ్రీశైలం దాకా వట్టికాళ్లతో నడవాలంటే అరికాళ్లు ఇప్పటినుంచే గట్టిపడాలని, పొద్దున మోండా మార్కెట్ దాకా నడిచే వెళ్లాను. మలుపు దగ్గరి గోడ పక్కన కాలు జారింది. ఎర్రటి గుట్కా ఉమ్మి. ఇంకా వెచ్చగా ఉంది, వేళ్ల సందుల్లోకి దిగింది.

"మనుషులా, పశువులా వీళ్లు?" అన్నాను.

అక్కడే పూలమ్మే యాదమ్మ నా కాలి మీద చెంబుతో నీళ్లు పోసింది.

"మాల ఏసుకోకముందు నువ్వు సుత గీడనే ఉమ్మెటోనివి గద స్వామీ. దినాం నేనే కడుగుతుంటి."

ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు కడిగాను. వాసన పోలేదు. మొన్నటిదాకా అది నా నోటి వాసనే.

మాల తీసే రోజు కోసం అల్మారాలో దాచుకున్న రెండు గుట్కా పొట్లాలు ఇంకా అక్కడే ఉన్నాయి.